టెన్నెంట్ గారికి కృతజ్ఞతలతో

మా ఊళ్లో గారు అని మూడు రకాల వాళ్లనే అంటాం. డాక్టరును, పోలీసును, గిట్టనివాణ్ణి. మాల్కం టెన్నెంట్ గారు డాక్టరు కాదు. పోలీసూ కాదు.

లండన్ పక్కన ఎక్కడో బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాక, మూతబడిన మా ఊరి బడిని కొని ఇల్లుగా మార్చుకున్నాడు. నేనూ నా భార్య ఏవిస్ చదివిన చదువంతా ఆ బడిలోనే. తర్వాత ఇంకే బడికీ పోలేదు. పిల్లలు బయటికి చూడకుండా ఆ రోజుల్లో కిటికీలు ఎత్తున పెట్టారు. ఆయన గోడ కోయించి వాటిని నేల దాకా దింపాడు. ఆ కిటికీలన్నీ బాటకు ఇవతల ఉన్న మా ఇంటి ముఖాన్నే చూస్తాయి.

మాది సముద్రం కంటే పల్లంలో ఉన్న నేల. కాలవలు తవ్వి, నీళ్లు తోడిపోసి ఆరబెట్టుకున్న నేల. ఆ నీళ్లు తోడే ఇంజన్ల దగ్గరే నా ఉద్యోగమంతా గడిచింది. గుట్ట లేదు, మిట్ట లేదు. ఒకరి గుమ్మంలో దీపం పెడితే మూడో ఊరికి కనబడుతుంది. టెన్నెంట్‌కు నచ్చింది మాత్రం చీకటి. పెరట్లో టెలిస్కోపు పెట్టుకుని చుక్కలు చూసేవాడు. ఇక్కడి చీకటి కోసమే ఇంత దూరం వచ్చానండీ అని కొత్తలో అందరితో చెప్పేవాడు. మేం ఆ చీకట్లో పుట్టినవాళ్లం. మాకు దానిమీద అంత ముచ్చట లేదు.

ఏవిస్‌కు అసలే లేదు. ఏటా డిసెంబరు వస్తే ఇంటికి దీపాలు కట్టేది. బజార్లో దొరికే దుప్పులూ మంచుబొమ్మలూ ఆమెకు పడేవి కావు. దుప్పులు మన ఊరికి ఎప్పుడొచ్చాయి అనేది. కంచె తీగ వంచి, దానికి సీరియల్ లైట్లు చుట్టి, మా ఊళ్లో ఉండేవే చేసేది. కాలవ గట్టున కొంగ. బుట్టలో మలుగు చేప. దుంపల ట్రాక్టరు మీద రబ్బరు బూట్లు తొడుక్కుని బాలయేసును చూడబోయే ముగ్గురు జ్ఞానులు. అన్నిటికీ పైన అడవి బాతుల గుంపు. చలికాలం ఉత్తరం నుంచి వచ్చి మా దుంప చేలల్లో దిగుతాయే, అవి. ఇంటి కప్పు మీంచి బాణంలా బారు తీరి ఉండేవి. జనం కార్లలో వచ్చి చూసి, గేటు దగ్గర బకెట్‌లో తోచింది వేసి పోయేవారు. ఆ డబ్బు నర్సులకు. చావుకు దగ్గరైన వాళ్ల ఇళ్లకొచ్చి పక్కన కూర్చునే నర్సులకు.

ఏవిస్ మంచం పట్టిన ఏడాది టెన్నెంట్ ఫిర్యాదు చేశాడు. చాటుగా కాదు. గ్రామసభలో లేచి నిలబడి, ఎంతో గౌరవంతో చెబుతున్నానండీ అని మొదలుపెట్టి మరీ. వెలుతురన్నాడు, కార్లన్నాడు, బాట మీదుగా కట్టిన దీపాల తీగన్నాడు. తీగ సంగతి నిజమే. దానికి అనుమతి మేం ఏనాడూ అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు. కౌన్సిల్ ఆఫీసరు వచ్చి, విచారణ తేలేదాకా అన్నీ దించేయమన్నాడు. దించాను. కిటికీ పక్క మంచం మీంచి ఏవిస్ చూసింది.

క్రిస్మస్‌కు ముందు ఓ సాయంత్రం పొగమంచు దిగింది. మా ఇళ్లకు నంబర్లు లేవు. డిసెంబరులో మా బాటకు దారి చెప్పేవాళ్లు, దీపాల ఇల్లు కనబడేదాకా పొమ్మనేవారు. ఏవిస్‌కు నొప్పి మందు ఎక్కించాల్సిన నర్సు మా ఇల్లు దాటిపోయింది. కాలవ కట్ట వెంబడి పోయి పోయి, ఇంజన్ల షెడ్డు దగ్గర దారి అయిపోయాక వెనక్కి తిరిగింది. మళ్లీ దాటిపోయింది. నేను బాట మీద టార్చి పట్టుకుని నిలబడ్డాను. పొగమంచులో టార్చి వెలుగు ముందుకు పోదు. మన ముఖానికే తిరిగొస్తుంది. లోపల ఏవిస్ అరవకుండా దిండు కొరుకుతోంది.

జనవరిలో పోయింది. విచారణ మార్చిలో తేలింది. దీపాలు పెట్టుకోవచ్చన్నారు.

బెరిల్ అడిగింది. బెరిల్ ఏవిస్‌కు చిన్ననాటి నేస్తం. ఊళ్లో ఉన్న ఒక్క కొట్టూ ఆమెదే. నోటికి గడియ లేదు.

"ఈసారి దీపాలు పెడతావా?"

"పెడతా."

"మంచిది. ఏవిస్ కోసం."

"టెన్నెంట్ కోసం."

రొట్టె చుడుతున్న చెయ్యి ఆగిపోయింది. "ఏం చేస్తావు హెడ్లీ? ఆ ముసలి బుర్రలో ఏం ఉడుకుతోందో చెప్పు."

"థాంక్స్ చెబుతా," అన్నాను.

ఈసారి ప్రతిదానికీ అనుమతి తీసుకున్నాను. తీగ ఎంత ఎత్తున పోవాలో, ఏ స్తంభం ఎంత లోతు దిగాలో, కార్లు ఎటు నిలబడాలో, అన్నీ అడిగి చేయించుకున్నాను. ఆఫీసరు ముచ్చటపడ్డాడు కూడా. అందరూ మీలా ఉంటే మాకు పనే ఉండదు అన్నాడు.

వేసవంతా షెడ్డులో కూర్చుని ఏవిస్ బొమ్మలు బాగుచేశాను. తుప్పు పట్టిన చోట కొత్త తీగ ముడివేశాను. ఆమె ముడులు ఎడమచేతివి. నావి పక్కనే ఉంటే తెలిసిపోతుంది. ఆమెవి ఒక్కటీ విప్పలేదు. కొంగను కొంగలాగే, మలుగును మలుగులాగే ఉంచాను. మార్చింది బాతులను. పూర్వం అవి మా కప్పు మీంచి చేలవైపు ఎగిరిపోతున్నట్టు ఉండేవి. నేను వాటి తలలు తిప్పాను. ఇంకో గుంపు చేసి కలిపాను. ఇప్పుడవి మా కప్పు మీంచి లేచి, బాట దాటి, టెన్నెంట్ తలుపుకేసి బాణం గురిపెట్టినట్టు ఆగుతాయి. ముందున్న బాతు ముక్కు ఆయన పడకగది కిటికీకి తిన్నగా వచ్చింది. అది నిచ్చెన మీద నిలబడి, ఒక కన్ను మూసి సరిచూసుకున్నాను.

గేటు పక్కన బోర్డు పెట్టాను. పేరు చుట్టూ బల్బులు. ఇలా రాశాను: ఈ దీపాలు ఇంత బాగా వెలుగుతున్నాయంటే అందుకు కారణం ఎదురింటి మాల్కం టెన్నెంట్ గారు. వారు చేసినదానికి మా కృతజ్ఞతలు.

క్రిస్మస్‌కు ముందొచ్చే అడ్వెంట్ వారాల్లో మొదటి ఆదివారం సాయంత్రం స్విచ్ వేశాను. చాపెల్ అనే మా చిన్న చర్చి వాళ్లు పాటలు పాడారు. ఊరంతా బోర్డు చదివింది. కొందరు టోపీ సవరించుకున్నారు, కొందరు దగ్గారు. మా ఊరివాళ్లు పైకి నవ్వరు. ముక్కుతో నవ్వుతారు.

టెన్నెంట్ బాట దాటి వచ్చాడు. వెనక ఆయన భార్య హిలరీ, శాలువా కప్పుకుని.

"హెడ్లీ గారూ, ఇదేమిటండీ?"

"దీపాలండీ."

"బోర్డు సంగతి అడుగుతున్నాను."

"మీ పేరు తప్పు రాశానా?"

"తప్పేం లేదు, కానీ..."

"మరి? థాంక్స్ చెబితే ఎవరికైనా కోపం వస్తుందా?"

చుట్టూ జనం ఉన్నారు. మావాళ్ల మధ్య తిట్టుకు తిట్టు బదులివ్వొచ్చు. థాంక్స్‌కు ఏం బదులివ్వాలో ఇంతవరకు ఎవడూ కనిపెట్టలేదు. ఆయన "కోపమెందుకండీ, సంతోషం," అన్నాడు. హిలరీ మాత్రం నా కళ్లలోకి చూసింది. ఆమెకు అప్పుడే అర్థమైంది.

వారం రోజులు బాగా గడిచింది. ఊరివాళ్లు ఎదురైతే చాలు, గొప్ప పని చేశారు టెన్నెంట్ గారూ అంటూ టోపీ తీసేవారు. బెరిల్ అయితే ఆయన పాలు కొనడానికి వస్తే, ఊరి దాతకు ముందు ఇవ్వాలమ్మా జరగండి అని వరసలో ముందుకు లాగింది. ఆయన పాలు తీసుకోకుండానే పోయాడు. పెరట్లో టెలిస్కోపుకు గోనెసంచి కట్టేశాడు. నా బాతుల వెలుతురుకు చుక్కలు కనబడటం మానేశాయి.

ఆ తర్వాత కథ తిరగబడింది.

కార్లలో వచ్చే బయటివాళ్లకు ఊరి సంగతి తెలియదు. వాళ్లు బోర్డు చదివి, నిజంగానే ఆయన చేయి పట్టుకుని ఊపేవారు. స్పాల్డింగ్ టౌను నుంచి వచ్చిన ఒకావిడ కళ్లనీళ్లతో కౌగిలించుకుంది. మొదట్లో ఆయన పాము మీద పడ్డట్టు ఉలిక్కిపడేవాడు. తర్వాత్తర్వాత సాయంత్రమయ్యేసరికి తలదువ్వుకుని గుమ్మంలోకి రావడం మొదలుపెట్టాడు. పత్రికవాళ్లు వస్తే బాతుల కింద నిలబడి ఫోటో దిగాడు. ఈ ఆలోచన ఎలా వచ్చిందని అడిగితే, ఊరికి ఎవరికి చేతనైంది వాళ్లు చేయాలి కదండీ అన్నాడట. ఏవిస్ పేరు అందులో ఎక్కడా లేదు.

బెరిల్ ఆ పేపరు తెచ్చి నా ముందు పడేసింది. "చూసుకో నీ పగ. పళ్లికిలిస్తున్నాడు."

"పళ్లు బాగున్నాయి," అన్నాను.

"నువ్వు మొహాన ఉమ్మావు హెడ్లీ. వాడు పన్నీరనుకుని తుడుచుకున్నాడు. ఇక నువ్వు ఆ బోర్డు పీకెయ్. ఏవిస్ దీపాలు పట్టుకెళ్లి వాడి చేతిలో పెట్టావు."

ఆ మాట గుచ్చుకుంది, నిజం కనుక. కానీ బోర్డు పీకితే ఓడిపోయినట్టు. ఆదివారం దాకా ఆలోచించాను.

ఆదివారం ప్రార్థన అయ్యాక చాపెల్ వెనక గదిలో టీ ఇస్తారు. నేను కప్పు పట్టుకుని లేచి నిలబడ్డాను. ఏవిస్‌ను పాతిపెట్టిన రోజు తర్వాత అక్కడ నోరు విప్పడం అదే. వచ్చినవాళ్లందరూ టెన్నెంట్ గారిని చూడాలని అడుగుతున్నారని చెప్పాను. క్రిస్మస్ దాకా రోజూ సాయంత్రం ఆయనే గేటు దగ్గర బకెట్ పట్టుకుని నిలబడితే నర్సులకు ఎంతో మేలని చెప్పాను. కాదంటే మాకు కష్టంగా ఉంటుంది, అవునంటే ఊరు మరిచిపోదు అన్నాను. అందరికంటే ముందు బెరిల్ చప్పట్లు కొట్టింది. తర్వాత గదంతా. హిలరీ కప్పులోకి చూస్తూ కూర్చుంది. ఆ గదిలో, చేతిలో టీ కప్పు ఉండగా, పుణ్యకార్యానికి కాదన్న మనిషి మా ఊళ్లో ఇంతవరకు పుట్టలేదు.

"సంతోషంగా," అన్నాడు టెన్నెంట్.

కోట్లు తగిలించే చోట మెల్లగా అడిగాడు, రోజూనా అండీ అని. చావుబతుకుల్లో ఉన్నవాళ్లకు ఆదివారాలు ఉండవు కదండీ అన్నాను.

మా తూర్పుగాలికి సముద్రం దాటాక అడ్డం వచ్చే మొదటి వస్తువు మా గేటే. ఆ గాలి మనిషి చుట్టూ తిరిగి పోదు, లోపల్నుంచి పోతుంది. టెన్నెంట్ లండన్ కోటు దానికి కాగితంతో సమానం. ముక్కు కారుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ ఉండేది కాదు. ఒక చేతిలో బకెట్, రెండో చెయ్యి వచ్చినవాళ్లకు ఇవ్వాలి. హిలరీ ఫ్లాస్కులో టీ తెచ్చిపోయేది. నేను ఏవిస్ మంచం వేసిన కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, క్రిస్మస్‌కు కాల్చే కిస్మిస్ పైలు తింటూ చూసేవాణ్ణి. జనవరి తర్వాత నాకు తిండి సహించింది ఆ రోజుల్లోనే.

క్రిస్మస్ వారంలో పొగమంచు దిగింది. పోయినేడు దిగినట్టే, మధ్యాహ్నం కాలవ మీద మొదలై, దీపాలు పెట్టే వేళకు గేటు కనబడకుండా. టెన్నెంట్ నా తలుపు తట్టాడు.

"ఇందులో ఎవరొస్తారండీ? ఇవాళ్టికి పోతాను."

"ఎవరో ఒకరు వస్తారు," అన్నాను. పోకుండా చూడటానికి నేనూ వెళ్లి పక్కన నిలబడ్డాను.

పొగమంచు దీపాలను మింగలేదు. తాగి ఉబ్బింది. నెత్తిమీద బాతులన్నీ కలిసిపోయి పసుప్పచ్చటి దారిలా బాట మీద పరుచుకున్నాయి. చాలాసేపటికి ఒక చిన్న కారు నెమ్మదిగా వచ్చి ఆగింది. దిగినావిడను గుర్తుపట్టాను. పోయినేడు మా ఇంటికి వచ్చిన నర్సు, రోవెనా.

నన్ను చూసి తల ఊపింది, బాగున్నారా అని అడిగింది. బోర్డు చదివింది. టెన్నెంట్ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"మీరేనా ఆయన? మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదండీ. పోయినేడు ఇదే రోజుల్లో, ఇలాంటి పొగమంచులోనే, ఈ ఇల్లు కనబడక రెండుసార్లు దాటిపోయాను. అప్పుడు దీపాలు లేవు, ఎందుకో మరి. లోపల ఏవిస్ మందు కోసం కాసుకుని ఉంది. నేను వచ్చేసరికి పాపం..." నా వైపు చూసి ఆగింది. "సర్లెండి. ఇవాళ పెద్దరోడ్డు మలుపు నుంచే కనబడ్డాయి. ఇక్కణ్ణుంచి కట్ట చివరి ఇంటికి తిన్నగా పోవచ్చు. అక్కడ ముసలాయన ఒకడున్నాడు. ఆయన ఇవాళ కాసుకోనక్కర్లేదు. మీది చల్లని మనసండీ."

కారు వెళ్లిపోయింది. ఎర్రలైట్లు కాసేపు కనబడి ఆరిపోయాయి.

ఏడాదంతా టెన్నెంట్‌కు చెప్పాలని మాటలు పేర్చుకున్నాను. దుంప చేల గట్ల మీద నడుస్తూ పైకి అనుకునేవాణ్ణి కూడా. ఒక్కటీ అవసరం పడలేదు. ఆయన చేతిలో బకెట్ ఒరిగి, చిల్లర గడ్డిలో పడింది. వంగి ఏరలేదు.

"ఆవిడ వచ్చేసరికి ఏమైంది?" అని అడిగాడు.

"దిండు చిరిగింది," అన్నాను. లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాను.

మర్నాడు వేళకంటే ముందే వచ్చి నిలబడ్డాడు. నేను స్విచ్ వేయడానికి బయటికి వస్తే ఎదురొచ్చాడు. ముఖం గెడ్డంతో ఉంది.

"నాకు తెలీదు, హెడ్లీ." గారు పోయింది.

"తెలీదు."

"తెలిసుంటే..."

"బాట దాటితే మా గుమ్మం. ఒక్కరోజు వచ్చి ఆమె ఎలా ఉందని అడిగితే తెలిసేది. అంత దూరంలో చుక్కల్ని చూశావు కదయ్యా." నా నోట్లోంచీ గారు పోయింది.

బోర్డుకేసి చెయ్యి చూపించాడు. "ఆ బోర్డు మీద నా పేరు తీసెయ్. ఆవిడ పేరు పెట్టు. ఖర్చు నేను పెట్టుకుంటాను."

"ఆమె పేరు సమాధి రాయి మీద ఉంది. ఇక్కడ ఉండాల్సింది నీదే."

"ఎన్నాళ్లు?"

"బల్బులు వెలిగినన్నాళ్లు."

అంతలో ఒక కారు వచ్చింది. మొగుడూ పెళ్లాలు దిగి, బోర్డు చదివి, దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి అన్నారు. టెన్నెంట్ థాంక్స్ అన్నాడు. బకెట్ ముందుకు చాచి, ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నేను రాసిన బోర్డు పనిచేయడం మొదలుపెట్టింది ఆ సాయంత్రమే. క్రిస్మస్ దాకా ప్రతి మనిషీ వచ్చి చేయి పట్టుకున్నాడు. ప్రతి చేతికీ ఆయన కాస్త కుంగాడు. ఒక్కరోజూ మానలేదు. నేనూ కిటికీ దగ్గర కుర్చీ తీయలేదు.

వసంతంలో ఇల్లు అమ్మకానికి పెట్టారు. చూడటానికి వచ్చినవాళ్లు ఆ పెద్ద కిటికీలు చూసి మురిసిపోయేవారు. తర్వాత బాట మీదికొచ్చి, ఎదురుగా ఈ స్తంభాలేమిటని అడిగేవారు. నేను టోపీ తీసి ఉన్నమాట చెప్పేవాణ్ణి. డిసెంబరంతా దీపాలండీ, రోజూ కార్లు, కౌన్సిల్ అనుమతి ఉంది, నేను బతికున్నన్నాళ్లూ ఉంటాయి. ఒక్క అబద్ధం ఆడలేదు. ఒక్కడూ కొనలేదు. నిన్ను జైల్లో పెట్టాలి అంది బెరిల్, రొట్టె చేతికిస్తూ.

ఓ రోజు హిలరీ వచ్చింది. లోపలికి రాలేదు.

"ఆయన్ని వదిలెయ్యండి, హెడ్లీ."

"బాట అందరిదీనమ్మా. నేనెవరినీ పట్టుకోలేదు."

కిటికీ దగ్గర కుర్చీ చూసి, వెళ్లిపోయింది. ఎండాకాలం అయ్యేసరికి అమ్మకం బోర్డు తీసేశారు.

దుంపలు తవ్వే వేళకు మళ్లీ నిచ్చెన వేశాను. మా నేల మెత్తన. నిచ్చెన కాలు ఒకవైపు దిగిపోతుంది. పైన రెండో బాతు కడుతుండగా కింద నిచ్చెన కదిలింది, ఆగింది. చూస్తే టెన్నెంట్. కింది మెట్టు మీద కాలు వేసి, రెండు చేతులా నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. పైకి చూడలేదు. బాతులు ఎటు తిరుగుతున్నాయో ఆయనకు తెలుసు. నేను బారు పూర్తిగా కట్టాను, ముక్కులన్నీ ఆయన తలుపుకే పెట్టి. వైరు అందలేదు. అడగకముందే కింద్నుంచి అందించాడు.

దిగాను. ఆయన నిచ్చెన వదిలి చేతులు దులుపుకున్నాడు. నేను థాంక్స్ చెప్పలేదు. అది బోర్డు మీద ఉంది. చదువుకుంటాడు.